నకారప్పొల్లు

“మళ్ళీ చెప్పు. నెమ్మదిగా, ఒక్క పొల్లు పోకుండా చెప్పు.”

“చెప్పాను కదా వదినా.”

“నాకు చెప్పలేదు. పోలీసులకి చెప్పావు. ఆ కాగితం ఇదిగో, నా చేతిలోనే ఉంది. నాకు నీ నోటితో చెప్పు.”

“ముందు కూర్చో. కాఫీ పెడతాను.”

“నీ కాఫీ తాగడానికి రాలేదు అర్మస్.”

మే నెల సగం గడిచింది. సరస్సు మీద మంచు విడిచి పది రోజులు. ఐలి తన మరిది అర్మస్ ఇంట్లో అడుగుపెట్టి పదకొండేళ్ళయింది. ఆమె భర్త విల్యో ఏప్రిల్ మొదటి వారంలో మంచుబండితో సహా ఆ సరస్సులోనే మునిగిపోయాడు. పన్నెండింటికి పోలీసు అధికారిణి తుయిరె సంతకాల కోసం వస్తానంది. ఇప్పుడు పదకొండు దాటింది.

“పన్నెండింటికి ఆవిడ ఇక్కడికే వస్తుంది. ఇద్దరి సంతకాలూ ఒక్కచోటే తీసుకుంటానంది. నీ వాంగ్మూలంలో ఒకటుంది, నా దాంట్లో ఇంకోటుంది. రెండూ కలవకపోతే ఫైలు మూయడానికి లేదట.”

“నీదే ఉంచమను. దాని కిందే నేనూ సంతకం పెడతాను.”

“నా దాంట్లో ఏముందో నీకు తెలుసా?”

“ఏదైనా సరే.”

“అదుగో! ఆ ‘ఏదైనా సరే’ వినలేకే వచ్చాను. విను. ఆ రోజు పొద్దున ఆయన మీ వాకిట్లోంచి నాకు ఫోను చేశాడు. ‘అడిగాను. సే పిత్యా’ అన్నాడు. నాకు అలాగే వినిపించింది. మంచు నిలుస్తుంది, అని. నేను పోలీసులకి అదే చెప్పాను. నువ్వేమో ‘సెన్ పిత్యా’ అన్నానని రాయించావు. నిలవాలి, అని. నిలుస్తుంది వేరు, నిలవాలి వేరు. మొదటిది తెలిసినవాడు చెప్పే మాట. రెండోది దేవుడి మీద భారం వేసి చెప్పే మాట. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ‘న్’.”

“అవును.”

“ఏది అవును?”

“న్ ఉంది.”

“నిజంగా ఉందా?”

“నీకు వద్దనుకుంటే లేదు.”

“నన్ను చంపకు! నాకు కావాలో వద్దో అడగడానికి ఇదేమన్నా కూరలో ఉప్పా? నువ్వు అన్నావా, అనలేదా?”

“గుర్తున్నంతలో అన్నాను.”

“నెలన్నర కిందటి మాట అది. ఆఖరి రోజు నీ అన్నతో అన్న మాట. గుర్తున్నంతలోనా!”

“వదినా, వల ఒకటి సగంలో ఉంది. మాట్లాడుతూ అల్లుకోనా?”

“అల్లుకో. చేతులు ఖాళీగా ఉంటే నీకు నోరు రాదు, నాకు తెలుసు. కానీ తల ఎత్తి అల్లుకో.”

“సరే.”

“ఆ మాట నేను అద్దం ముందు నిలబడి వందసార్లు అనుకుని చూశాను. ‘సెన్ పిత్యా’ అని తొందరగా అంటే ఆ పొల్లు పెదాల మధ్య కలిసిపోతుంది. ‘సే’ లాగే వినిపిస్తుంది. దానికి తోడు ఆ రోజు ఫోనులో గాలి హోరు. బడి పంతులమ్మ దగ్గరికి కూడా వెళ్ళాను. ఆవిడ నిఘంటువు తీసింది. ఆ ఒక్క మాటకే పేజీ దాటిపోయింది అర్థాలు. కళ్ళజోడు తీసేసి, ‘ఐలీ, ఇది పుస్తకంలో తేలేది కాదు, అర్మస్‌నే అడుగు’ అంది.”

“మంచావిడ.”

“మంచావిడే. ఊళ్ళో అందరూ అంత మంచివాళ్ళు కారు. కొట్లో హిల్యా ఏమంటోందో విన్నావా?”

“వినబడింది.”

“నీ చేపలు కొనవద్దని లౌరి ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాడు. నా కొడుకే, నేను చెబితే వినడు. ‘బాబాయి చంపాడు’ అంటాడు.”

“వాడికి హక్కుంది.”

“హక్కు సంగతి ఎవరడిగారు? నిజం సంగతి అడుగుతున్నాను. చూడు. నువ్వు ‘సెన్’ అని ఉంటే, నీకు తెలిసినంతవరకు చెప్పావు, ఆయన సరిగా వినలేదు. పోనీ, నేను సరిగా వినలేదు. అప్పుడు నేను నీ మొహం చూడగలను. లౌరి చేత కూడా చూపించగలను. ‘సే’ అని ఉంటే, నలభై చలికాలాలు ఈ మంచు మీద వలలు వేసినవాడివి, ఎక్కడ మందమో ఎక్కడ పలచనో కళ్ళు మూసుకుని చెప్పగలవాడివి, నిలుస్తుందని చెప్పి అన్నని దాని మీదికి పంపావు. అప్పుడు చూడలేను.”

“చూడకు.”

“అంతేనా?”

“ఇంకేమనమంటావు?”

“అయ్యో దేవుడా! గోడకి తల కొట్టుకున్నా గోడ కాస్త చప్పుడు చేస్తుంది. సరే. నీ వాంగ్మూలం నీకే చదివి వినిపిస్తాను. ‘ప్రశ్న: అన్నగారితో మీ సంబంధం ఎలా ఉండేది? జవాబు: అన్నన్నాక పిత్యా.’ ఇదేం జవాబు?”

“అలా అనలేదు. ‘అన్నన్నాక పిత్యా పిత్యా’ అన్నాను.”

“రెండుసార్లా?”

“రెండుసార్లు. ఒకటి ‘తప్పదు’. ఇంకోటి ‘ఇష్టపడటం’. అన్నన్నాక ఇష్టపడక తప్పదు, అని.”

“ఇక్కడ ఒక్కటే ఉంది.”

“ఆవిడ టైపు చేస్తుంటే కంప్యూటరు కింద ఎర్ర గీత పెట్టింది. ఒకే మాట రెండుసార్లు పడిందని ఒకటి తీసేసింది.”

“ఏది తీసేసింది? తప్పదన్నదా, ఇష్టమన్నదా?”

“అది నేను అడగలేదు.”

“అడగవు. నువ్వెప్పుడు ఏం అడిగావు గనక! ఇంకా విను. ‘ప్రశ్న: పదకొండేళ్ళుగా మాటలు లేకపోవడానికి కారణం? జవాబు: పడవ.’ అంతే. పడవ! ఆవిడ ఏమనుకోవాలి?”

“అది ఉంచుకోవలసిన పడవ.”

“కుళ్ళిపోయిన పడవ. నీళ్ళు ఆపదు, అన్నాడు ఆయన. నడివేసవి పండక్కి మంటలో వేశాడు. ఊళ్ళో అందరూ వేసేదే. ఆ మంటలో పాత పడవ కాకపోతే కొత్త సోఫా వేస్తారా?”

“నాన్న కట్టిన పడవ.”

“నాన్న కట్టిందే!”

“నాకు ఒక్క మాట చెప్పి వెయ్యాల్సింది.”

“చెప్పాల్సింది. ఒప్పుకుంటాను. తప్పే. ఆయన కూడా రెండో ఏడే ఒప్పుకున్నాడు, నా దగ్గర. నీ దగ్గర ఒప్పుకోవడానికి నోరు రాలేదు. పడవ నీళ్ళు ఆపడానికీ ఆ మాటే, నువ్వు ఉంచుకోవడానికీ ఆ మాటే. ఇద్దరూ ఒకే మాట చెరో కొసా పట్టుకుని పదకొండేళ్ళు లాగారు. అసలు మనకి ఆ దిక్కుమాలిన పిత్యా తప్ప ఇంకో మాట లేదా అర్మస్? చేత్తో పట్టుకోవాలన్నా అదే, దాచుకోవాలన్నా అదే. మనిషంటే ఇష్టమన్నా అదే, పని తప్పదన్నా అదే. మాట నిలబెట్టుకున్నా అదే, నోరు మూసుకున్నా అదే, కడుపులో కోపం పెట్టుకు తిరిగినా అదే. ఆదివారం పాస్టరు ప్రసంగం చేసినా అదే. మీ అన్నదమ్ములకి చిన్నప్పుడు ఆ ఒక్క మాట నేర్పి, ఇంక చాల్లే అనుకున్నట్టుంది మీ అమ్మ.”

“అమ్మ ఎక్కువ మాట్లాడేది కాదు.”

“తెలుస్తూనే ఉంది. నన్ను పెళ్ళికి అడిగినప్పుడు కూడా మీ అన్న అదే మాట అన్నాడు. పాల కేంద్రం వెనక. చివరి అక్షరం మింగేశాడు. ‘నువ్వంటే ఇష్టం’ అన్నాడో, ‘నిన్ను ఉంచుకుంటాను’ అన్నాడో నాకు సరిగా వినబడలేదు. మళ్ళీ అనమంటే అనడని తెలుసు. రెంటికీ కలిపి సరే అనేశాను.”

“నవ్వుతున్నావా వదినా?”

“నవ్వట్లేదు.”

“కాఫీ పెడతాను.”

“వద్దన్నానా! నీకొక సంగతి చెప్పాలి. ఇది పోలీసులకి చెప్పలేదు, లౌరికీ చెప్పలేదు. ఆ రోజు ఆయన్ని నీ దగ్గరికి పంపింది నేను.”

“నువ్వా?”

“నేనే. దీవిలో గుడిసెలో పొయ్యి ఉండిపోయింది, వలలు ఉండిపోయాయి, మంచు విడిచేలోగా తెచ్చేస్తానన్నాడు. నేను వద్దన్నాను. వింటాడా? అప్పుడన్నాను, ‘వెళ్ళి అర్మస్‌ని అడుగు. అర్మస్ నిలుస్తుందంటే వెళ్ళు. అక్కణ్ణించే నాకు ఫోను చెయ్యి. లేకపోతే బండి తాళం ఇవ్వను’ అని. తాళం నా ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను.”

“అందుకా వచ్చింది.”

“గంటసేపు వంటింట్లో అటూ ఇటూ తిరిగి, ఆఖరికి సరేనన్నాడు. అప్పుడు తాళం ఇచ్చాను. మంచు మందం తనే తొలిచి చూసుకోగలడు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నాకు మంచు కాదు కావలసింది. మీ ఇద్దరూ ఒక ముక్క మాట్లాడుకుంటారని. మంచు వంక పెట్టుకునైనా. అంతకంటే మంచి వంక నాకు పదకొండేళ్ళలో దొరకలేదు.”

“వదినా—”

“ఉండు. ఫోను వచ్చింది. ‘అడిగాను’ అన్నాడు. ఆ మాటతోనే నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ముక్క సగమే బుర్రకెక్కింది. నువ్వు ఆయనతో మాట్లాడావు, అదొక్కటే ఎక్కింది. ‘అబ్బ, ఎంత మంచి మాట! అయితే వెళ్ళిరా, ఇంకేం’ అన్నాను. ఫోనులో గాలి హోరు ఒక్కటే వినిపించింది. తర్వాత ‘సరే’ అని పెట్టేశాడు. నేను పిండి కలిపి యాలకుల రొట్టెలు చేశాను. రెండు పళ్ళేలు. ఒకటి మాకు, ఒకటి మీ ఇంటికి పంపుదామని. అవి పొయ్యిలో ఉండగానే అగ్నిమాపకం వాళ్ళ బండి మోత వినిపించింది.”

“వదినా, ఆ కాగితం ఇలా ఇవ్వు. సంతకం పెట్టేస్తాను.”

“ఇవ్వను. ముందు మీరిద్దరూ మాట్లాడుకున్న ఆ పది నిమిషాలు నాకు చెప్పు. అవి నావి కూడా. నా తాళంతో వచ్చాయి. ఎక్కడ కూర్చున్నాడు?”

“ఆ బల్ల మీద.”

“టోపీ తీశాడా?”

“తీశాడు.”

“ముందు ఎవరు మాట్లాడారు?”

“అన్నే.”

“ఏమని?”

“ఏముంది. చలి గురించి. చేపలు పడుతున్నాయా అని.”

“పడవ?”

“పడవ ఊసు ఎవరం ఎత్తలేదు.”

“లౌరి గురించి అడిగావా? మనవరాలు పుట్టిన సంగతి చెప్పాడా?”

“చెప్పాడు.”

“పేరు చెప్పాడా?”

“చెప్పాడు. మర్చిపోయాను.”

“నీకు పేర్లు గుర్తుండవు. సరే. ఏమన్నా పెట్టావా ఆయనకి?”

“కాఫీ పోశాను.”

“తాగాడా?”

“తాగాడు. రెండు కప్పులు.”

“రెండు.”

“మూడోది వద్దన్నాడు.”

“పాలు పోసుకున్నాడా?”

“ఎప్పట్లాగే. పాలు, రెండు చక్కెర బిళ్ళలు. అలా చూస్తావేం వదినా?”

“ఆయన కాఫీ మానేసి ఆరేళ్ళయింది అర్మస్.”

“ఏమిటి?”

“కడుపులో పుండు పడింది. నెత్తురు కక్కుకుంటే పట్నం ఆసుపత్రిలో పది రోజులున్నాడు. డాక్టరు వద్దన్న రోజు నుంచి చుక్క ముట్టలేదు. ఊరందరికీ తెలుసు.”

“నాకెవరూ చెప్పలేదు.”

“ఎలా చెబుతారు? ఆయన పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడివి.”

“ఆ రోజు మాత్రం తాగాడు. చాలా రోజులకి కలిశాం కదా, ఆ సంతోషంలో—”

“అర్మస్.”

“ఒక కప్పే అయ్యుంటుంది.”

“అర్మస్! ఆ వల కింద పెట్టు. నావైపు చూడు. ఆయన ఈ బల్ల మీద కూర్చోలేదు.”

“లేదు.”

“లోపలికే రాలేదు.”

“రాలేదు.”

“మీరు మాట్లాడుకోలేదు.”

“కాగితం ఇవ్వు వదినా. నీది రైటని పెడతాను. ‘సే’ అన్నాననే పెడతాను. నిలుస్తుందని చెప్పింది నేనే అని. లౌరి తిట్టుకోనీ, హిల్యా తిట్టుకోనీ. నాకేం పోతుంది?”

“అననిదానికి అన్నానని ఎందుకు పెడతావు? మతి ఉందా నీకు? నెలన్నర నుంచి ఊరంతా నిన్ను—”

“సమాధి దగ్గర నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏమన్నావో గుర్తుందా?”

“‘ఆఖరికి మాట్లాడుకున్నారు’ అన్నాను.”

“అంతమంది ఏడుస్తున్నారు. అప్పుడు నీ ఒక్కదాని మొహంలో... ఏమంటారు దాన్ని, నాకు చెప్పడం రాదు. ఆ మొహం చూసి, లేదు వదినా మాట్లాడుకోలేదు అని ఎలా అనను? తలూపాను. ఒకసారి ఊపాక మిగతావన్నీ దానికి అతికించుకోవాల్సొచ్చింది. పోలీసమ్మ ‘ఆయన అడిగితే మీరేం చెప్పారు’ అంది. నువ్వు చెప్పిందేమిటో ఆవిడే చదివి వినిపించింది. అదే చెబుదామనుకున్నాను. నోటికి ‘సెన్’ అని వచ్చింది.”

“ఎందుకొచ్చింది?”

“ఏమో. ఆ ఒక్క పొల్లు అడ్డం పెట్టుకున్నాను కాబోలు. అబద్ధంలో కూడా నన్ను నేను కాస్త వెనకేసుకొచ్చాను.”

ఐలి కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

“చెప్పు. ఏం జరిగింది?”

“బండి చప్పుడు వినిపించింది. తలుపు పక్కన చిన్న కిటికీ ఉంది కదా, అందులోంచి చూశాను. అన్నే. మెట్లెక్కి తట్టాడు. ‘అర్మస్’ అని పిలిచాడు, ఒక్కసారి.”

“తియ్యలేదా?”

“తాళం లేదు. మన ఊళ్ళో పగలు ఎవరు వేస్తారు? పిడి కిందికి నొక్కితే తెరుచుకుంటుంది. నేను ఇటునుంచి పిడి పట్టుకున్నాను.”

“ఇటునుంచి పట్టుకున్నావు.”

“తీద్దామనే వెళ్ళాను వదినా. ఒట్టు. చెయ్యి వేసింది తియ్యడానికే. అన్న అటునుంచి నొక్కాడు. నా చెయ్యి పైకి బిగించేసింది. నేను బిగించమనలేదు దాన్ని. అన్న గట్టిగా నొక్కి ఉంటే వచ్చేసేది, ఆయన చేతి బలం నీకు తెలుసు. నొక్కలేదు. ఊరికే చెయ్యి పెట్టి ఉంచాడు. ఆ బరువు నాకు తెలుస్తూనే ఉంది. నా బిగింపు ఆయనకి తెలుస్తూనే ఉంది. అలా కాసేపు ఉన్నాం. తర్వాత ఆ బరువు పోయింది.”

“మంచు నిలవదని నీకు తెలుసా?”

“వదినా—”

“తెలుసా, తెలియదా?”

“దీవి ముందర పాయలో అడుగున ప్రవాహం ఉంటుంది. వారం కిందటే అక్కడి నా వలలు తీసేశాను. దారికి గుర్తుగా పాతిన కొమ్మలు కూడా పీకేశాను. కొమ్మలు లేవంటే వెనక్కి తిరగాలి, నాన్న మాకు మొదట నేర్పింది అదే. అన్న చూస్తాడు, తిరిగొస్తాడు అనుకున్నాను. బండి చప్పుడు కోసం వింటూనే ఉన్నాను, తిరిగొస్తుందేమోనని.”

“ఒక్క మాట! తలుపు వెనకనుంచి ఒక్క మాట అరవలేకపోయావా? ‘వద్దు’ అని! రెండక్షరాలు! దానికి పొల్లు కూడా అక్కర్లేదు!”

“అరవాల్సింది.”

“ఇప్పుడా చెప్పడం?”

“రోజూ అరుస్తున్నాను. ఎవరూ లేనప్పుడు.”

“నాకు చెప్పకు అదంతా. నాకు జాలి వెయ్యదు ఇవాళ. నీ మీదా వెయ్యదు, ఆయన మీదా వెయ్యదు. చూడు, ఇద్దరూ ఇద్దరే! ఆయన కూడా నాకు అబద్ధం చెప్పాడన్నమాట. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేశాం. గోరంత అబద్ధం ఆడలేదు నాతో. నోరు విప్పనైనా విప్పడు గానీ, విప్పితే నిజమే. ఆఖరి మాట మాత్రం అబద్ధం. ‘అడిగాను, నిలుస్తుందన్నాడు’ అని! తాళం ఇచ్చినందుకు నా కళ్ళకి గంతలు కట్టి—”

“నువ్వు బాధపడతావని అని ఉంటాడు.”

“ఆయన్ని వెనకేసుకు రాకు! నీకా హక్కు లేదు. ఫోను ఎక్కణ్ణించి చేశాడు? దారిలోనా? బండెక్కాకా?”

“కాదు, ఇక్కడే. మెట్లు దిగి నాలుగడుగులు వేసి ఆగాడు. చేతి తొడుగు పళ్ళతో లాగి, జేబులోంచి ఫోను తీశాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.”

“సరస్సు వైపు చూస్తున్నాడా?”

“లేదు. సరస్సుకి వీపు పెట్టాడు. మొహం ఇటు.”

“ఇటంటే ఎటు?”

“తలుపు వైపు. ఫోను చెవిన పెట్టుకుని తలుపునే చూస్తున్నాడు. ఒక ముక్క అన్నాడు. ఒక్కటే ముక్క, చిన్నది. తర్వాత వింటూ నిలబడ్డాడు. అప్పుడు నువ్వు మాట్లాడుతున్నావేమో. వింటూ వింటూ ఆయన మొహం ఎలాగో అయిపోయింది. చెవి దగ్గర్నించి ఫోను తీసి దానివంక చూశాడు, ఎవరికి కలిసిందా అన్నట్టు. మళ్ళీ చెవిన పెట్టుకున్నాడు. ఇంకో మాట అన్నాడు. జేబులో పెట్టేసి బండెక్కాడు.”

“మళ్ళీ చెప్పు.”

“ఏది?”

“మొదటి ముక్క అన్నప్పుడు. తలుపునే చూస్తున్నాడా?”

“తలుపునే.”

“నీ చెయ్యి?”

“పిడి మీదే ఉంది. ఇంకా బిగించే ఉంది. ఎందుకు వదినా? ఏమైంది? నీళ్ళు తాగుతావా?”

“మంచు అన్న మాట ఆయన అనలేదు అర్మస్.”

“ఏమిటి?”

“ఫోనులో. మంచు అనలేదు. ‘అడిగాను. సే పిత్యా.’ అంతే అన్నాడు. మంచు అని నేను చేర్చుకున్నాను. పోలీసులకి కూడా నేను చేర్చే చెప్పాను.”

“సే అంటే మంచే కదా. ఇంకేమవుతుంది?”

“సే అంటే అది. మనూళ్ళో సే అంటే వాడు కూడా. మంచుకీ మనిషికీ మనకి ఒకటే మాట. నిలవడానికీ పట్టుకోవడానికీ ఒకటే మాట.”

“నాకర్థం కావట్లేదు... అదుగో, కారు. పోలీసమ్మ దిగుతోంది. తొందరగా చెప్పు వదినా, ఏం రాసుకోమనాలి? న్ ఉందనా, లేదనా?”

“లేదు. ఆయన నాతో అబద్ధమాడలేదు అర్మస్. ‘అడిగాను. వాడింకా పట్టుకునే ఉన్నాడు’ అన్నాడు. అయితే వెళ్ళిరా, ఇంకేం, అన్నది నేను.”